పొద్దుటి గాలిని నమ్మకు

చిన్నాకి ఆశీస్సులు.

వచ్చే వారం గోపాల్‌పూర్ బీచ్‌లో ప్రీ వెడ్డింగ్ షూట్ ఒప్పుకున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. డ్రోన్ ఎగరేయడం నీకొచ్చు. గాలి సంగతే చెప్తాను.

తెరచాపల రోజుల్లో మన నోలియాల (ఇక్కడి జాలర్ల) తెప్పలు తెల్లవారుజామున, నేల మీంచి సముద్రం వైపు వీచే నేల గాలికి లోపలికి పోయి, మధ్యాహ్నం సముద్రపు గాలికి ఒడ్డుకొచ్చేవి. డ్రోన్‌కి ఆ పొద్దుటి గాలితోనే చిక్కు. వెనక నుంచి తోస్తుంటే ఎంత దూరం పోయిందో తెలీదు. వెనక్కి తిప్పాకే ఎదురుగాలి, కింద చూస్తే నీళ్ళు. పెళ్ళివాళ్ళకేమో సూర్యోదయం షాట్లే కావాలి! మధ్యాహ్నం సముద్రం వైపు పంపితే కష్టమంతా వెళ్ళేటప్పుడే. వచ్చేటప్పుడు గాలే తోసుకొస్తుంది, బ్రేక్ మాత్రం కాస్త ముందే వెయ్యి.

అన్నిటికన్నా వేగమైన స్పోర్ట్ మోడ్‌లో మినీ 4 ప్రో లాంటి చిన్న డ్రోన్ సెకనుకి 16 మీటర్లు పోతుంది. ఎదురుగాలి 10 అయితే మిగిలేది 6. 900 మీటర్లు రావడానికి రెండున్నర నిమిషాలు. అదే గాలి 13 అయితే అయిదు నిమిషాలు, ఈలోగా బ్యాటరీ గబగబా దిగిపోతుంది. అది తట్టుకునే గాలికి కంపెనీ చెప్పే హద్దు సెకనుకి 10.7 మీటర్లే. అందుకే నేల గాలి ఉన్నప్పుడు దూరం పంపకు, బ్యాటరీ 60 శాతం ఉండగానే వెనక్కి తిప్పెయ్.

సరుగుడు తోట చాటున నిలబడి గాలి లేదనుకోవద్దు. చెట్ల మీద వేరే లోకం. ముందు 30 మీటర్లకి లేపి కాసేపు నిలిపి చూడు. గాలి వార్నింగ్ వస్తే దించెయ్, కస్టమర్ ఏమన్నా సరే.

సముద్రం మీద డ్రోన్ చిక్కుకుంటే టెన్షన్‌లో రిటర్న్ టు హోమ్ (తనంతట తనే వెనక్కొచ్చే బటన్) నొక్కుతారు. అది ముందు పెట్టిన ఎత్తుకి లేస్తుంది, పైన గాలి ఇంకా ఎక్కువ. దాన్ని ఆపి, అలలు తగలనంత కిందికి తెచ్చి, స్పోర్ట్‌లో నేరుగా ఒడ్డుకి కొట్టు. స్పోర్ట్‌లో అడ్డాలు చూసే సెన్సర్లు పనిచేయవు, కళ్ళు నీవే. నీ దగ్గరికే రానక్కర్లేదు, దగ్గరున్న ఖాళీ ఇసుక మీద దించితే చాలు.

ఇంకోటి. గోళబంధలో సైన్యం ఎయిర్ డిఫెన్స్ కాలేజీ ఉంది. 250 గ్రాముల లోపు డ్రోన్‌కి పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు గానీ, రెడ్ జోన్ (ప్రభుత్వ అనుమతి లేకుండా ఎగరేయకూడని చోటు) మాత్రం అందరికీ రెడ్ జోనే. అడ్వాన్స్ తీసుకునేముందే ఆ జోన్లు చూపించే ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాప్ చూసుకో.

మీ మావయ్య,
బరంపురం