సిరోసిస్ (లివర్ మచ్చలుపడి గట్టిపడటం) ఉన్నవాళ్లకు రక్తస్రావం ముప్పు ఉందో లేదో స్కానింగ్‌లో తెలుస్తుందా?

మీ నాన్నగారి రిపోర్టులో పోర్టల్ వెయిన్ (పేగుల నుంచి లివర్‌కు రక్తం తెచ్చే పెద్ద నాళం) 14 మి.మీ., ప్లీహం 15 సెం.మీ. అని ఉందన్నారు, ఎండోస్కోపీ (నోట్లోంచి సన్నటి గొట్టం వేసి లోపల చూసే పరీక్ష) తప్పించుకోవచ్చా అని అడిగారు. నేను డాక్టర్ని కాను. మా అమ్మకు ఫ్యాటీ లివర్ ముదిరి సిరోసిస్ అయింది (ఆవిడ జన్మలో మందు ముట్టలేదు, అయినా చుట్టాల గుసగుసలు తప్పలేదు). ఆమె ఫైలు పట్టుకుని తిరిగినదాన్ని కాబట్టి చెబుతున్నాను.

రక్తం కారేది అన్నవాహికలో ఉబ్బిన నరాల (రక్తనాళాల) నుంచి. పొట్ట మీద జెల్ రాసి చేసే స్కానింగ్‌లో సాధారణంగా అవి కనబడవు, వాటి వెనకున్న ఒత్తిడి ఆనవాళ్లే కనబడతాయి. లివర్ గట్టిపడితే పేగుల నుంచి వచ్చే రక్తానికి దారి ఉండదు. కాలువకు అడ్డుకట్ట పడితే నీళ్లు పక్క పొలాల్లోకి ఎక్కినట్టు, అన్నవాహిక చుట్టూ ఉన్న సన్నటి నాళాల్లోకి మళ్లుతుంది. వెయిన్ 13 మి.మీ. దాటడం, ప్లీహం పెరగడం, పొట్టలో నీరు, డాప్లర్‌లో (రక్తం పారే తీరు చూపే స్కానింగ్) రక్తం వెనక్కి పారడం అన్నీ దానికి గుర్తులే. అయితే వెయిన్ సైజు మామూలుగా ఉన్నా లోపల ఒత్తిడి ఉండొచ్చు. ఆ ఒక్క అంకె చూసి బెంగా వద్దు, ధీమా వద్దు.

మా డాక్టరుగారు స్కానింగ్ కన్నా ముందు ప్లేట్‌లెట్లు (రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే కణాలు) చూశారు, తర్వాత ఫైబ్రోస్కాన్ రాశారు. లివర్ ఎంత గట్టిపడిందో అది కిలోపాస్కల్స్‌లో చెబుతుంది. మూడు గంటల ముందు నుంచి ఏమీ తినకూడదు. పొట్టలో నీరు చేరి ఉంటే ఆ రీడింగును నమ్మడానికి లేదు. 2015లో ఈ ఒత్తిడి జబ్బు మీద జరిగిన బవేనో నిపుణుల సమావేశం చెప్పిన లెక్క ఇది: రీడింగు 20 లోపు, ప్లేట్‌లెట్లు లక్షన్నర పైన ఉంటే అప్పటికి ఎండోస్కోపీ అక్కర్లేదు. అమ్మ ప్లేట్‌లెట్లు లక్ష లోపే, కాబట్టి తప్పలేదు. పెద్ద నరాలే ఉన్నాయి, రక్తం కారకుండా వాటికి రబ్బరు బ్యాండ్లు వేశారు. ఇప్పుడు కొందరికి ముందే కార్వెడిలాల్ (ఆ ఒత్తిడి తగ్గించే మాత్ర) మొదలుపెడుతున్నారు, అప్పుడు ఎండోస్కోపీ అవసరం పడకపోవచ్చు. ఆస్తమా ఉన్నా, బీపీ బాగా తక్కువున్నా ఆ మందు పడదు. అది డాక్టరు తేల్చాల్సిందే.

మీరు ప్లేట్‌లెట్ల సంఖ్య రాయలేదు. నన్నడిగితే ఆ 14 మి.మీ. కన్నా అదే ముఖ్యం, పాత రిపోర్టులు కూడా తీసుకెళ్లి గ్యాస్ట్రో డాక్టరుకు చూపించండి. ఒళ్లు నొప్పులకని డైక్లోఫెనాక్ లాంటివి షాపులో కొని వేయకండి. రక్తం కక్కినా, విరేచనం నల్లగా జిగటగా వచ్చినా అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. ఐరన్ మాత్రలకీ నల్లగానే అవుతుంది, వేసుకుంటుంటే ఆ మాట అక్కడ చెప్పండి.