ఉంగరాల జుట్టుకు స్మూతెనింగ్ చేయించుకోవచ్చా?

ప్రశ్న: నాది పుట్టుకతోనే ఉంగరాల జుట్టు. వచ్చే నెల చెల్లెలి పెళ్ళి ఉన్నందున ఇంటి దగ్గరి సెలూన్‌లో కెరాటిన్ స్మూతెనింగ్ (మందు పట్టించి జుట్టును కొన్నాళ్ళు నునుపుగా ఉంచడం) చేయించుకోవాలనుకుంటున్నాను. అందులో ఫార్మాల్డిహైడ్ అనే హానికర రసాయనం లేదంటున్నారు. ఆ తర్వాత నా ఉంగరాలు తిరిగి వస్తాయా?
– ఒక పాఠకురాలు, మారతహళ్ళి, బెంగళూరు

జవాబు: వారు చేయబోయేది స్మూతెనింగా, శాశ్వత స్ట్రెయిటెనింగా అన్నది ముందుగా అడిగి తెలుసుకోండి; సెలూన్లలో ఈ రెండు పేర్లనూ కలగాపులగంగా వాడుతుంటారు. స్ట్రెయిటెనింగ్ మందు వెంట్రుకలోని బంధాలను తెంచి నిటారుగా తిరిగి అతికిస్తుంది కనుక, కుదుళ్ళ నుంచి నెలకు సుమారు ఒక సెంటీమీటరు చొప్పున కొత్త జుట్టు పెరిగితే తప్ప ఉంగరాలు రావు. కెరాటిన్ స్మూతెనింగ్ ప్రభావం కొన్ని నెలల్లో క్రమంగా తగ్గిపోతుంది. అయితే దాన్ని పట్టించడానికి దాదాపు 230 డిగ్రీల వేడి పరికరంతో ఒక్కొక్క పాయనూ పలుమార్లు లాగుతారు కాబట్టి, తిరిగి వచ్చే ఉంగరాలు మునుపటంత బిగువుగా చుట్టుకోకపోవచ్చు.

ఇక 'ఫార్మాల్డిహైడ్ లేదు' అన్న మాటను నేనైతే అంత తేలికగా నమ్మను. సీసాపై మిథిలీన్ గ్లైకాల్ అని రాసి ఉంటే, వేడి తగలగానే వెలువడేది ఫార్మాల్డిహైడ్ వాయువే. అది కళ్ళను మండిస్తుంది, గొంతును పట్టేస్తుంది, పైగా క్యాన్సర్ కారకాల జాబితాలో ఉంది. దానికి బదులుగా గ్లయాక్సిలిక్ ఆమ్లం కలిపిన మందులు వాడిన కొందరిలో మూత్రపిండాలు దెబ్బతిన్న సంఘటనలను కూడా వైద్యులు నమోదు చేశారు.

అయినా చేయించుకోదలిస్తే, మెడ వెనుక ఒక సన్నని పాయకు మాత్రమే ముందుగా చేయించి, రెండు మూడుసార్లు తలంటుకున్నాక అది ఎలా ఉందో చూడండి. మీ ఇంట్లో బోరునీళ్ళే వాడుతుంటే, జుట్టులో ఏదైనా బిరుసుతనం కనిపిస్తే అందులో కొంత ఆ నీటి వల్ల వచ్చిందే కావచ్చు.