చీటీ చేతికొచ్చాకే వియత్నాం

ప్రశ్న: మాది కాకినాడ. నెలకు చేతికొచ్చేది 1,10,000. ఇంటి లోన్ ఈఎంఐ 28 వేలు, ఇల్లు, పిల్లల చదువు కలిపి 50 వేలు, 2 లక్షల చీటీకి నెలకు 10 వేలు కడుతున్నాను. ఆ చీటీ 2026 మార్చిలో అయిపోతుంది, ఈ నెల పాట 30 వేలకు వెళ్లింది. 3 లక్షల ఎఫ్‌డీ ఉంది. సంక్రాంతి సెలవులకు అమ్మ, భార్య, ఇద్దరు పిల్లలతో వియత్నాం వెళ్దామని ఉంది. అమ్మ పుట్టింది కోనసీమలో, వీడియోల్లో మెకాంగ్ నది కాలువలు, కొబ్బరి తోటలు చూసి అక్కడికి తీసుకెళ్లమంటోంది. ఏజెంట్ ఆరు రాత్రుల ప్యాకేజీ 3,60,000 అన్నాడు, ఆ కాగితం పంపుతున్నాను. పర్సనల్ లోన్ తీసుకోనా, చీటీ ఇప్పుడే ఎత్తనా, ఎఫ్‌డీ తీసేయనా?

జవాబు: మూడూ వద్దు. అమ్మగారిని మాత్రం తప్పకుండా తీసుకెళ్లండి, కాకపోతే సంక్రాంతికి కాదు, మే మొదటి వారం దాటాక.

ముందు ఆ 3,60,000 సంగతి చూద్దాం, ఎందుకంటే మీరు కట్టబోయేది అంత కాదు. దాని మీద 5 శాతం జీఎస్టీ 18 వేలు. విదేశీ టూర్ ప్యాకేజీ కాబట్టి 2025-26లో 10 లక్షల లోపు మొత్తానికి మొదటి రూపాయి నుంచే 5 శాతం టీసీఎస్ (అమ్మేవాళ్లు ముందుగానే వసూలు చేసే ఆదాయపు పన్ను) పడుతుంది, అది ఇంకో 19 వేల దాకా. టీసీఎస్ పోయే డబ్బు కాదు, మీ పాన్ మీద ఉండే పన్నుల స్టేట్‌మెంట్ 26ఏఎస్‌లో కనిపిస్తుంది, రిటర్న్ వేసినప్పుడు పన్నులో సర్దుకోవచ్చు, లేదా రిఫండ్ వస్తుంది, కానీ ఈలోగా మీ జేబులోంచి పోతుంది కదా. ఐదుగురికి ఈ-వీసా మనిషికి 25 డాలర్ల చొప్పున మొత్తం 11 వేలు. ఇక మీరు పంపిన కాగితంలో అన్నిటికంటే కింద చిన్న అక్షరాల్లో ఉన్న లైన్ చూడండి: మెకాంగ్ డే ట్రిప్ ‘ఆప్షనల్’, మనిషికి 7 వేలు. అమ్మగారు అడిగింది ఒక్క నది. అదే ప్యాకేజీలో లేదు! అన్నీ కలిపితే 4,40,000 దాటుతుంది.

దీనికి 4 లక్షలు పర్సనల్ లోన్ తీసుకుంటే, 14 శాతం వడ్డీకి మూడేళ్లకు ఈఎంఐ 13,671, వడ్డీ ఒక్కటే 92 వేలు. మీకు నెలకు మిగిలేదే 22 వేలు, అందులో ఇది పోతే ఐదుగురి సంసారానికి చేతిలో మిగిలేది ఎనిమిది వేల చిల్లరే, ఎవరికైనా జ్వరం వచ్చినా టెన్షనే. ఎఫ్‌డీ ఊసెత్తకండి. మీ నెల ఖర్చు, ఈఎంఐ కలిపి 78 వేలు, అంటే ఆ 3 లక్షలు నాలుగు నెలలకు కూడా చాలవు. ఇంట్లో సంపాదించేది ఒక్కరే, పెద్దావిడ ఉన్నారు, ఆ డబ్బు ఉన్నచోటే ఉండాలి.

ఇక చీటీ. ఈ నెల పాట 30 వేలకు వెళ్లిందన్నారు, అంటే ఇప్పుడు ఎత్తితే చేతికి 1,70,000. చివరి నెల దాకా ఆగితే కమిషన్ పోను 1,90,000. ఆ 20 వేల తేడాతో అమ్మగారికి నది మీద ఒక రోజంతా సొంత కారు, సొంత గైడ్‌తో తిప్పి చూపించొచ్చు, అందుకే ఆగమంటున్నాను. అయితే ఒక్క షరతు: చీటీ 1982 చిట్ ఫండ్స్ చట్టం కింద రిజిస్టర్ అయిందో లేదో కనుక్కోండి. తెలిసినవాళ్లు నోటిమాట మీద నడిపే చీటీ అయితే చివరి నెల వరకు కూర్చోమని నేను చెప్పలేను, పాట కాస్త తగ్గగానే ఎత్తి బ్యాంకులో వేసేయండి.

ఈ అక్టోబర్ నుంచి ఏప్రిల్ దాకా నెలకు 10 వేలు ఆర్‌డీ కట్టండి, 70 వేలవుతుంది. చీటీతో కలిపి 2,60,000. ఇది మీ సొంత డబ్బు, ట్రిప్ ఇందులోనే అయిపోవాలి, అవుతుంది కూడా. ప్యాకేజీలో ఉన్న హనోయి, డా నాంగ్ వదిలేయండి. ఆరు రాత్రుల్లో మూడు ఊళ్లంటే ఐదుగురికి లోపలి విమానాలు, ప్రతి రెండో రోజూ పెట్టెలు సర్దడం, అమ్మగారి మోకాళ్లకు అది విహారం కాదు. హో చి మిన్ సిటీలో ఐదు రాత్రులు ఉండండి, చాలు. నా అంచనా: విమానాలు 1,20,000, రెండు గదులు 35 వేలు, వీసాలు 11 వేలు, తిండి, టాక్సీలు 30 వేలు, నది రోజు 20 వేలు, ఇన్సూరెన్స్ 6 వేలు, హైదరాబాద్ దాకా రైలు, చిల్లర కొనుగోళ్లు 18 వేలు. మొత్తం 2,40,000. టికెట్లు, హోటల్ విడివిడిగా మీరే బుక్ చేసుకుంటే అది ప్యాకేజీ కాదు, టీసీఎస్ గొడవే ఉండదు. ఏప్రిల్ 30, మే 1 అక్కడ జాతీయ సెలవులు, జనం, రేట్లు రెండూ పెరుగుతాయి, అవి దాటాకే వెళ్లండి. మేలో వానలు మొదలవుతాయి, ఎక్కువగా మధ్యాహ్నం తర్వాత పడతాయి కాబట్టి నది పని పొద్దున్నే పెట్టుకోండి.

ఆ నది రోజు దగ్గర మాత్రం పిసినారితనం వద్దు. పెద్ద బస్సు గ్రూపుతో వెళ్తే సగం ధరకే అవుతుంది, నిజమే, కానీ ‘మీ తో’ అనే ఊరి దగ్గర మోటారు పడవ దిగి, నిపా తాటాకుల మధ్య సన్నటి కాలువలోకి వెళ్లే చిన్న పడవ ఎక్కేటప్పుడు మెట్టు మీంచి ఊగుతున్న పడవలోకి కాలు పెట్టాలి. వెనకాల ముప్ఫై మంది తొందరపెడుతుంటే పెద్దావిడ ఎలా దిగుతారు? సొంత గైడ్ అయితే చెయ్యి పట్టుకుని నిదానంగా ఎక్కిస్తాడు. అమ్మగారు శాకాహారి అయితే బుకింగ్‌లోనే రాయించండి, లేకపోతే భోజనానికి వేయించి చెక్క స్టాండు మీద నిలబెట్టిన పెద్ద చేప వస్తుంది. బెన్ ట్రేలో కొబ్బరి మిఠాయి చేసే చోట ఆవిడని కాసేపు కూర్చోనివ్వండి, కోనసీమ మనిషికి అక్కడ బోలెడు కబుర్లుంటాయి. ఎవరైనా అదే రోజు కాయ్ రాంగ్ తేలే సంత కూడా చూపిస్తామంటే ఎన్నింటికి బయల్దేరాలో అడగండి. అది 170 కిలోమీటర్ల అవతల ‘కాన్ తో’ అనే నగరం దగ్గర, సంత తెల్లవారుజామున జరుగుతుంది, పిల్లలతో ఒక్కరోజులో వెళ్లి రావడం కష్టం.

పడవ నడిపే ఆవిడకి టిప్పు, మిఠాయికి డబ్బు నోట్లలోనే ఇవ్వాలి. రూపాయికి సుమారు 300 డాంగ్‌లు. 20,000 నోటూ నీలం, 5,00,000 నోటూ నీలమే, మొదటిది మన 67 రూపాయలు, రెండోది దాదాపు 1,670. పెద్ద నోట్లు వేరే పర్సులో పెట్టుకోండి, పడవలో తొందరలో తీస్తే పొరపాటు ఖాయం. హోటల్‌కి కార్డు వాడేటట్లయితే విదేశీ మారకం చార్జీ ఎంతో ముందే చూసుకోండి, చాలా కార్డులకు 3.5 శాతం, దాని మీద జీఎస్టీ కలిపి 4.13 శాతం పడుతుంది. ఇన్సూరెన్స్ ఫారంలో అమ్మగారి బీపీ, షుగర్ దాచకుండా రాయండి, దాస్తే క్లెయిమ్ తిరస్కరిస్తారు.

ఈ వారంలో చేయాల్సింది ఒక్కటుంది. ఐదు పాస్‌పోర్టులూ తీసి గడువు చూడండి, ప్రయాణం నాటికి ఇంకా ఆరు నెలలు ఉండాలి. పిల్లల పాస్‌పోర్టు ఐదేళ్లకే అయిపోతుంది. అమ్మగారికి అసలు లేకపోతే ఇప్పుడే అప్లై చేయండి, 60 దాటినవాళ్లకు కొత్త పాస్‌పోర్టు ఫీజులో 10 శాతం తగ్గింపు ఉంది. ఈ-వీసా వియత్నాం ప్రభుత్వ సైట్‌లోనే తీసుకోండి, ఇంటిపేరుతో సహా పాస్‌పోర్టులో ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా అలాగే కొట్టండి, ఎందుకంటే తప్పు పడితే ఆ 25 డాలర్లు వెనక్కి రావు.