ఆఫీసు సాఫ్ట్‌వేర్ మూగబోతే బీకామ్ అమ్మాయి ఏం చేయాలి?

ప్రశ్న: మా అమ్మాయికి పుట్టుకతోనే చూపు లేదు. తెనాలిలో బీకామ్ చివరి సంవత్సరం చదువుతోంది. తెర మీది రాతను చదివి వినిపించే ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ సాయంతో వర్డ్, ఎక్సెల్ ధారాళంగా వాడుతుంది. ఇంటర్న్‌షిప్ కోసం ఒక ఆడిటర్ గారి ఆఫీసులో చేరింది. పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లిన ఎన్‌వీడీఏను అక్కడి కంప్యూటర్‌లో నడిపింది. విండోస్ అంతా పలికింది కానీ, వాళ్ల ఖాతాల సాఫ్ట్‌వేర్ తెరవగానే ఒక్క మాట కూడా వినిపించలేదట. ‘మా సాఫ్ట్‌వేర్ నీకు పనికిరాదమ్మా’ అని మూడో రోజే పంపించేశారు. అప్పటి నుంచి కామర్స్ వదిలేసి బీఎడ్ చేస్తానంటోంది. బంధువులూ అదే మంచిదంటున్నారు. జాస్ అనే ఇంకో స్క్రీన్ రీడర్ కొనిపెడితే పరిస్థితి మారుతుందా? మమ్మల్ని ఏం చేయమంటారు?
– ఒక తండ్రి, గుంటూరు జిల్లా

జవాబు: అయ్యా, ముందు బీఎడ్ సంగతి చెబుతాను. పాఠాలు చెప్పడమంటే మీ అమ్మాయికి ఇష్టమైతే బీఎడ్ మంచి చదువే. ఒక సాఫ్ట్‌వేర్ పలకలేదన్న బాధతో అటు వెళ్తానంటే మాత్రం నేను ఒప్పుకోను. మూడేళ్లు ఇష్టపడి చదివిన చదువును మూడు రోజుల అనుభవం కొట్టేయకూడదు. పైగా ఆ మూడు రోజుల్లో అడగవలసిన ప్రశ్న ఎవరూ అడగలేదని మీ ఉత్తరం చదివితే అర్థమవుతోంది. ఆ ప్రోగ్రాం ఎందుకు పలకలేదు?

స్క్రీన్ రీడర్ తెరను చూసి చదువుతుందని చాలామంది అనుకుంటారు. అది తెరను చూడదు, ప్రోగ్రాం చెప్పేది వింటుంది. తెర మీద ఒక బటన్ ఉంటే ‘ఇది బటన్, దీని పేరు సేవ్’ అని ఆ ప్రోగ్రామే విండోస్‌కు చెప్పుకోవాలి. ఆ మాటను అందుకుని స్క్రీన్ రీడర్ పలుకుతుంది. సాఫ్ట్‌వేర్ రాసినవాళ్లు ఆ పని చేయకుండా అక్షరాలను, అంకెలను తెర మీద బొమ్మల్లా గీసి వదిలేస్తే చూపున్నవారికి ఏ లోటూ తెలియదు. స్క్రీన్ రీడర్‌కు మాత్రం అక్కడ ఏమీ ఉండదు. లోపం ఆ సాఫ్ట్‌వేర్ తయారీలో ఉంది. ఈ విషయం మీ అమ్మాయికి మీ నోటితో చెప్పండి, ఎందుకంటే తనకే చేతకాలేదని ఆమె ఈపాటికి నమ్మేసి ఉంటుంది.

మీ ఉత్తరంలో నన్ను ఆపిన మాట ఒకటుంది: పెన్‌డ్రైవ్. ఎన్‌వీడీఏను ఇన్‌స్టాల్ చేయకుండా పెన్‌డ్రైవ్ నుంచే నడపవచ్చు. అదొక గొప్ప సౌకర్యం. అయితే దానికో హద్దు ఉంది. ఏ ప్రోగ్రామైనా అడ్మినిస్ట్రేటర్ అధికారంతో నడుస్తుంటే పెన్‌డ్రైవ్ ఎన్‌వీడీఏ దాని లోపలికి వెళ్లలేదు, విండోస్ భద్రతా నియమాలు ఒప్పుకోవు. మిగతా విండోస్ అంతా పలికి, ఆ ఒక్క ప్రోగ్రాం దగ్గరే గొంతు ఆగిపోతుంది. మీరు రాసిందీ అలాగే ఉంది. ఆఫీసుల్లో పాత లెక్కల సాఫ్ట్‌వేర్లను అడ్మినిస్ట్రేటర్‌గా నడిపే అలవాటు చాలాచోట్ల ఉంది. ఇదే కారణమని నేను తేల్చి చెప్పలేను. కానీ ఆ కంప్యూటర్‌లో ఎన్‌వీడీఏను పూర్తిగా ఇన్‌స్టాల్ చేసి ఒక్కసారి చూడకుండా ‘పనికిరాదు’ అన్న తీర్పు ఇవ్వకూడదు. డబ్బు ఖర్చు లేని, కొద్ది నిమిషాల పని అది.

ఇన్‌స్టాల్ చేశాక కూడా పలకకపోతే? అప్పుడు మీ అమ్మాయి మరికొన్ని తలుపులు తట్టాలి. ఇక్కడి నుంచి ఆమెకే చదివి వినిపించండి.

అమ్మా, ట్యాబ్ నొక్కితే వినిపించేదే ప్రోగ్రాం మొత్తమని అనుకోవద్దు. ట్యాబ్ కీ మనం టైపు చేయగల, నొక్కగల చోట్ల దగ్గరే ఆగుతుంది. మొత్తం, నిల్వ, పన్ను లాంటి అంకెలు చాలాసార్లు ట్యాబ్ ఆగని చోట ఉంటాయి. వాటిని అందుకోవడానికి ఎన్‌వీడీఏలో ఆబ్జెక్ట్ నావిగేషన్ ఉంది. తెర మీది ప్రతి వస్తువూ ఇంకో వస్తువు లోపల ఉంటుంది, పెట్టెలో పెట్టె ఉన్నట్టు. నంబర్ ప్యాడ్‌లో నమ్‌లాక్ ఆపేసి, ఎన్‌వీడీఏ కీతో (మామూలుగా ఇన్సర్ట్ కీ) పాటు 8 నొక్కితే బయటి పెట్టెకు వెళ్తావు, 2 నొక్కితే లోపలికి దిగుతావు. 4 వెనక్కి, 6 ముందుకు. నువ్వున్న వస్తువును నొక్కాలంటే ఎన్‌వీడీఏ కీతో నంబర్ ప్యాడ్ ఎంటర్. ల్యాప్‌టాప్ లేఅవుట్ ఎంచుకుంటే ఎన్‌వీడీఏ, షిఫ్ట్ కీలతో బాణం గుర్తులు ఇదే పని చేస్తాయి. స్క్రీన్ రీడర్ వాడకం నేర్చుకున్న పిల్లల్లో చాలామందికి ఇది రాదు. శిక్షణల్లో వర్డ్, ఎక్సెల్, ఇంటర్నెట్ దగ్గర ఆగిపోతారు. అవి బాగా పలికే ప్రోగ్రాములు కనుక దీని అవసరమే రాదు. ఆఫీసులో అడుగుపెట్టాకే అవసరం పడుతుంది, అప్పుడు నేర్పేవారు పక్కన ఉండరు.

అలా తిరిగినా ‘పేన్’, ‘విండో’ అన్న ఖాళీ మాటలే వినిపిస్తుంటే స్క్రీన్ రివ్యూకు మారి చూడు. ఎన్‌వీడీఏ కీతో నంబర్ ప్యాడ్ 7 నొక్కుతూ పోతే ఆ స్థితి వస్తుంది. ఆ తర్వాత ఉత్త 7, 8, 9 అంకెలతో పై వరుస, ఉన్న వరుస, కింది వరుస వినవచ్చు. విండోస్ పాత పద్ధతిలో రాత గీసే ప్రోగ్రాముల్లో ఇది బాగా పనికొస్తుంది, కొత్త రకం గ్రాఫిక్స్ వాడేవాటిలో చేతులెత్తేస్తుంది. ప్రోగ్రాం జావా భాషలో రాసిందైతే, దాని మాటను స్క్రీన్ రీడర్‌కు చేర్చే జావా యాక్సెస్ బ్రిడ్జ్ ఆన్‌లో ఉందో లేదో చూడమని కంప్యూటర్ సిబ్బందిని అడుగు. అది ఆఫ్‌లో ఉన్నందువల్లే మూగబోయిన జావా ప్రోగ్రాములు ఎన్నో. రిమోట్ డెస్క్‌టాప్ ద్వారా వేరే కంప్యూటర్‌లోని సాఫ్ట్‌వేర్ వాడుతుంటే నీ ముందుకొచ్చేది బొమ్మ మాత్రమే. అప్పుడు ఎన్‌వీడీఏ అవతలి కంప్యూటర్‌లో కూడా ఉండాలి. 2025.1 వెర్షన్ నుంచి రెండు ఎన్‌వీడీఏలను కలిపే రిమోట్ యాక్సెస్ అందులోనే వస్తోంది. ఆఫీసు అనుమతి లేకుండా మాత్రం దాన్ని వాడకు.

ఇవేవీ కుదరనప్పుడు ఓసీఆర్. విండోస్ 10, 11లలో ఎన్‌వీడీఏ కీతో ఆర్ నొక్కితే, నువ్వున్న వస్తువు బొమ్మలోని అక్షరాలను గుర్తుపట్టి పాఠంగా ముందు పెడుతుంది. బాణం కీలతో చదువుకోవచ్చు. ఒక మాట మీద ఎంటర్ నొక్కితే తెర మీద అదే చోట క్లిక్ పడుతుంది, ఎస్కేప్ నొక్కితే బయటికి వస్తావు. విండోను పూర్తి సైజులో పెట్టుకో. స్క్రీన్ కర్టెన్ వేసుకునే అలవాటుంటే ముందు తీసేయి, తెర నల్లగా ఉంటే ఓసీఆర్‌కు చదవడానికి ఏమీ ఉండదు. రోజూ ఒకే చోట నొక్కాల్సిన బటన్లకు గోల్డెన్ కర్సర్ అనే యాడ్‌ఆన్ (ఎన్‌వీడీఏకు అదనంగా చేర్చుకునే చిన్న ప్రోగ్రాం) ఉంది. మౌస్ ఉండాల్సిన చోటుకు పేరు పెట్టి దాచుకుంటే మళ్లీ మళ్లీ వెతుక్కోనక్కరలేదు. మొదటిసారి ఆ చోటు చూపించడానికి చూపున్న తోటి ఉద్యోగి సాయం కాసేపు తీసుకోవడంలో తప్పేమీ లేదు.

ఓసీఆర్ గురించి గట్టిగా ఒక మాట చెప్పాలి, లెక్కల వృత్తిలోకి వచ్చేదానివి కనుక. అది ఊహించి చదువుతుంది. 8ని 3గా, సున్నాను ఓ అక్షరంగా చదవవచ్చు, దశాంశ బిందువును మింగేయవచ్చు. 1,250.00 కాస్తా 1,25,000 అయితే ఆ తప్పుకు సంతకం నీది. మెనూలో ఎక్కడున్నావో, ఏ సందేశం వచ్చిందో తెలుసుకోవడానికి ఓసీఆర్ వాడు. మొత్తాలు ఖాయం చేయడానికి వాడకు. డబ్బు అంకెలకు ఎక్సెల్‌కు ఎగుమతి చేసే దారి వెతుకు. ఖాతాల సాఫ్ట్‌వేర్లలో చాలావాటికి నివేదికలను ఎక్సెల్‌కు పంపే వీలుంటుంది. అక్కడికి వచ్చాక నీ చెవికి, నీ వేళ్లకు అడ్డు ఉండదు.

అయ్యా, మళ్లీ మీతో. నా దగ్గరికి సలహా కోసం వచ్చిన ఒక కుర్రాడి విషయం చెబుతాను. అతనికీ చూపు లేదు, అతని ఆఫీసు సాఫ్ట్‌వేర్ కూడా సగమే పలికేది. ఎంట్రీలు వేయడం వేరొకరికి అప్పగించి, రోజూ సాయంత్రం ఆ నివేదికలను ఎక్సెల్‌లోకి తెప్పించి సరిచూసే పని తాను తీసుకున్నాడు. రెండుసార్లు ఎక్కిన బిల్లులు, తప్పు నెలలో పడిన చెల్లింపులు అతని చెవికి దొరికేవి. కొన్నాళ్లకు ఆ పనికి అతన్నే వెతుక్కునే స్థితి వచ్చింది. అంతకు ముందు ఇలాంటి పిల్లలకు ‘భద్రమైన’ దారులే చూపించేవాణ్ని. ఆ సలహాలు విని ఇష్టమైన చదువు మానుకున్నవాళ్లు గుర్తొస్తే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

ఇప్పుడు ఆడిటర్ గారి సంగతి. ఆయన చెడ్డవారని నేననుకోను, ఆయనకు తెలియదంతే. మీరు వెళ్లి వాదించవద్దు, అమ్మాయినే ఒక ఉత్తరం రాయనివ్వండి. ‘ఎన్‌వీడీఏను మీ కంప్యూటర్‌లో ఇన్‌స్టాల్ చేసి పరీక్షించుకోవడానికి ఒక్క రోజు ఇవ్వండి. ఏ పని చేయగలనో, ఏ పనికి సాయం కావాలో సాయంత్రానికి రాసిస్తాను’ అని అడగాలి. ఆ రాతలో మూడు భాగాలుంటే చాలు: పలికే తెరలు, కష్టపడితే అందే తెరలు, అసలు అందనివి. ఇవ్వకపోతే ఇంకో ఆఫీసు. కానీ ఆ కాగితం రాయడం నేర్చుకున్న అమ్మాయి ఏ ఇంటర్వ్యూలోనైనా ‘మీరు కంప్యూటర్ ఎలా వాడతారు?’ అన్న ప్రశ్నకు తడబడదు. ఇదే పనిని వృత్తిగా చేసేవాళ్లున్నారని కూడా చెప్పండి. సాఫ్ట్‌వేర్లు స్క్రీన్ రీడర్‌తో పలుకుతాయో లేదో పరీక్షించే యాక్సెసిబిలిటీ టెస్టర్లకు సాఫ్ట్‌వేర్ సంస్థల్లో ఉద్యోగాలు ఉన్నాయి. అందులో చూపులేనివారి అనుభవానికి విలువ ఉంది. ఎన్‌వీడీఏ యాడ్‌ఆన్‌లు పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాస్తారు, ఆసక్తి ఉంటే ఆ భాష మీద చేయి వేయమనండి.

చట్టం గురించి మీరు అడగలేదు, అయినా తెలిసి ఉండాలి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 20వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ సంస్థలు దివ్యాంగ ఉద్యోగులకు తగిన సదుపాయాలు, అడ్డంకులు లేని వాతావరణం కల్పించాలి. 34వ సెక్షన్ కింద ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం రిజర్వేషన్ ఉంది, అందులో 1 శాతం అంధులకు, చూపు బాగా తక్కువ ఉన్నవారికి. సుప్రీంకోర్టు 2024 నవంబరులో రాజీవ్ రతూరి కేసులో, దివ్యాంగులకు అన్నీ అందుబాటులో ఉండేందుకు పెట్టిన ప్రమాణాలు సలహాలుగా మిగలకూడదని, తప్పనిసరి నియమాలు చేయాలని కేంద్రాన్ని ఆదేశించింది. ఇద్దరు ముగ్గురు పనిచేసే చిన్న ఆఫీసు ముందు ఈ చట్టం పట్టుకుని నిలబడితే ఆ అమ్మాయికి పని దొరకడం మరింత కష్టమవుతుంది, అందుకే అక్కడ ఉత్తరమే మేలన్నాను. ప్రభుత్వ బ్యాంకులోనో, ప్రభుత్వ కార్యాలయంలోనో చేరాక అదే పరిస్థితి వస్తే మాత్రం మొహమాటపడకుండా రాతపూర్వకంగా అడగాలి. బ్యాంకు పరీక్షలు ఆమె చదువుకు దగ్గరగా ఉంటాయి. అర్హత ఉన్నవారికి వాటిలో రాతగాడి సాయం, గంటకు 20 నిమిషాల అదనపు సమయం ఇస్తారు. దివ్యాంగుల గుర్తింపు కార్డు (యూడీఐడీ) ఇంకా తీసుకోకపోతే ఈ నెలలోనే ఆ పని చూడండి. ఆబ్జెక్ట్ నావిగేషన్ లాంటివి దగ్గరుండి నేర్పించాలంటే హైదరాబాద్‌లోని ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ పునరావాస కేంద్రంలో ఒకసారి విచారించండి.

చివరగా జాస్ కొనాలా అన్న మీ ప్రశ్న. ఇప్పుడే కొనవద్దు. జాస్ శక్తిమంతమైనదే, ఒక్కో ప్రోగ్రాంకు తగ్గట్టు రాసే దాని స్క్రిప్టులు కొన్ని మొండి ప్రోగ్రాములను కూడా దారికి తెస్తాయి. కానీ తెరను బొమ్మలా గీసే ప్రోగ్రాం ముందు దానికీ ఓసీఆరే దిక్కు. లైసెన్సు లేకుండా జాస్‌ను 40 నిమిషాలు పూర్తిగా వాడుకోనిస్తారు, కంప్యూటర్‌ను మళ్లీ ఆన్ చేస్తే ఇంకో 40 నిమిషాలు. ఆ ఒక్క రోజు పరీక్షలో ఆఫీసు వారి అనుమతితో దాన్నీ ఇన్‌స్టాల్ చేసి, ఎన్‌వీడీఏ అందుకోలేని తెరల దగ్గర జాస్ ఏమైనా పలికిందేమో చూడనివ్వండి. పలికితే, ఏయే తెరల్లో పలికిందో రాసుకుని అప్పుడు ధర కనుక్కోండి.