ప్రాజెక్టుల్లో తొంభై, పరీక్షల్లో అరవై: దేన్ని నమ్మాలి?

ప్రశ్న: మా అమ్మాయి వచ్చే ఏడాది డిగ్రీలో చేరాలి. అసైన్‌మెంట్లు, ప్రాజెక్టులు, క్లాసులో ప్రెజెంటేషన్లు, వేటిలోనూ తొంభైకి తగ్గదు. ఫైనల్ పరీక్షకొచ్చేసరికి అరవై దాటడమే కష్టమవుతోంది. మా మరిది ‘స్కూల్లో వేసేవి ఉత్త మార్కులు, పరీక్షలో వచ్చేవే అసలు మార్కులు’ అంటాడు. నాకేమో ఇదంతా పరీక్ష భయం అనిపిస్తుంది. ఇంటర్నల్స్‌కి వెయిటేజీ ఎక్కువున్న కోర్సులో చేర్పిస్తే మంచిదా?

జవాబు: మీ మరిదిగారి మాటలో సగం నిజం ఉందండీ. ఇంటి దగ్గర చేసుకొచ్చిన ప్రాజెక్టులో పిల్ల చేసిందెంత, పెద్దవాళ్లు చేసిందెంత, ఇంటర్నెట్ నుంచి దించిందెంత అన్నది టీచరుకు తేల్చడం కష్టం. ఏఐ చాట్‌బాట్లు వచ్చాక మరీను. పైగా రోజూ కళ్ల ముందు ఉండే పిల్ల, చెప్పినమాట వింటుంది, టైముకి పని ఇచ్చేస్తుంది అంటే మార్కులు వేసే చెయ్యి కాస్త ధారాళంగానే నడుస్తుంది. 2020లో కరోనా వల్ల ఇంగ్లాండ్‌లో స్కూలు చివరి పరీక్షలు రద్దయినప్పుడు టీచర్లు ఇచ్చిన అంచనా గ్రేడ్లు ముందటేడాది ఫలితాల కంటే బాగా ఎక్కువొచ్చాయి. వాటిని సరిచేస్తామని కంప్యూటర్ లెక్క ఒకటి వాడితే ఏ-లెవెల్ (మన ఇంటర్ లాంటిది) గ్రేడ్లలో సుమారు 40 శాతం కిందికి దిగాయి. పిల్లలు రోడ్డెక్కారు. వారం తిరక్కుండానే ఆ లెక్కను పక్కన పెట్టి, టీచర్లు ఇచ్చిన గ్రేడ్లనే ఖాయం చేశారు.

అలాగని పరీక్ష మార్కు తూకం వేసినంత కచ్చితం అనుకోవద్దు. అమెరికాలో స్టార్చ్, ఇలియట్ అనే ఇద్దరు పరిశోధకులు 1912లో రెండు ఇంగ్లిష్ ఆన్సర్ పేపర్ల నకళ్లు తీయించి చాలా స్కూళ్ల టీచర్లతో దిద్దించారు. ఒక పేపరుకి 64 నుంచి 98 దాకా, రెండోదానికి 50 నుంచి 97 దాకా మార్కులు పడ్డాయి. భాష కాబట్టి అలా జరిగిందని కొందరు సర్దిచెప్పబోతే, మరుసటి ఏడాది జామెట్రీ పేపరుతో చేసి చూపించారు. అక్కడ 28 నుంచి 95 దాకా వచ్చాయి. జవాబు ఒకటే అయినా స్టెప్స్‌కి ఎంత, నీటుగా రాసినందుకు ఎంత అన్నచోట ఎవరి లెక్క వాళ్లది.

కాబట్టి ఆ తొంభై అబద్ధం కాదు, ఈ అరవై అబద్ధం కాదు. తెలియనిది అడిగి తెలుసుకుని, తప్పు దిద్దుకుని, పట్టుగా పని ముగించడం మీ అమ్మాయికి చేతనవును. ఎవరి సాయం లేకుండా, బుర్రలో ఉన్నదాన్ని ఇచ్చిన టైములో బయటికి తీయడం దగ్గర ఎక్కడో ఆగుతోంది. ఆ ఎక్కడో అన్నది తెలియకుండా కోర్సు ఎంచుకోవద్దు. పరీక్ష భయం అని మీరు ముందే తేల్చేసుకున్నట్టున్నారు. నా దగ్గరికి వచ్చే తల్లిదండ్రుల్లో చాలామంది అదే మాటతో వస్తారు. తీరా చూస్తే సగం మందికి పైగా పిల్లల్లో కారణం వేరే ఉంటుంది.

ఒక ఆదివారం ఇలా చేయండి. తను ఇంతవరకూ చూడని పాత ప్రశ్నపత్రం ఒకటి తీసుకోండి. ఫోన్ వేరే గదిలో పెట్టించి, అసలు పరీక్షకు ఎంత టైముంటే అంతే ఇచ్చి, నీలం పెన్నుతో రాయమనండి. టైము అయిపోగానే ఆపనివ్వకండి. నల్ల పెన్ను చేతికిచ్చి, పుస్తకం తెరవకుండానే, తొందరేమీ లేదు, వచ్చినంత రాయి అనండి. అదీ అయ్యాక ఎర్ర పెన్ను ఇచ్చి, ఇప్పుడు పుస్తకం చూసుకుని మిగిలింది పూర్తి చెయ్యి అనండి. మార్కులు వేయొద్దు. ఏ రంగు ఎక్కువుందో చూడండి చాలు.

నల్ల సిరా ఎక్కువుంటే వచ్చు కానీ టైము చాలలేదన్నమాట. మొదటి ప్రశ్నకే మూడు పేజీలు రాసి చివరివి వదిలేసే పిల్లలు వీళ్లు. ప్రాజెక్టులో మంచి మార్కులు తెచ్చిపెట్టే ఓపికే ఇక్కడ అడ్డమవుతుంది. ఏ ప్రశ్నకు ఎన్ని నిమిషాలో ముందే పేపరు మీద వేసుకుని, వారానికోసారి రాయిస్తే ఇది కొన్నాళ్లకు దారికొస్తుంది.

ఎర్ర సిరా ఎక్కువుంటే విషయం వేరు. పుస్తకం ముందుంటే అన్నీ అర్థమవుతున్నాయి, మూస్తే ఏదీ గుర్తు రావడం లేదు. ఎక్కువమంది విషయంలో బయటపడేది ఇదే. చదివిందే మళ్లీ మళ్లీ చదవడం వల్ల వచ్చినట్టు అనిపిస్తుంది, అంతే. రోడిగర్, కార్పికె అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో ప్రచురించిన ప్రయోగంలో ఒక గుంపు పాఠాన్ని మళ్లీ చదివింది, ఇంకో గుంపు చూడకుండా గుర్తున్నది రాసింది. ఐదు నిమిషాల తర్వాత అడిగితే చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత అడిగితే రాసినవాళ్లకు ఎక్కువ గుర్తుంది. మీ అమ్మాయి చేత రోజూ పాఠం మూసి, అర పేజీ గుర్తున్నది రాయించండి. మొదట్లో చిరాకు పడుతుంది. పడనివ్వండి.

ఇంట్లో మూడొంతులు నీలంతోనే రాసేసి, అసలు పరీక్షలో మాత్రం అరవై దగ్గరే ఆగిపోతోందా? అప్పుడు మీరన్నది నిజం, అది టెన్షనే. హాల్లోకి వెళ్లే ముందు పది నిమిషాలు తన భయాల్ని కాగితం మీద రాసేసుకుంటే టెన్షన్ పడే పిల్లలు మెరుగ్గా రాశారని 2011లో ఒక అధ్యయనం వచ్చింది. ఖర్చు లేని పని, చేసి చూడండి. అప్పటికీ చేతులు వణకడం, రాత్రిళ్లు నిద్ర లేకపోవడం ఉంటే కౌన్సెలర్‌కి చూపించడంలో తప్పు లేదు.

ఇక కోర్సు సంగతి. ఇంటర్నల్స్ ఎక్కువున్న కోర్సు తేలిక అనుకోకండి. ఒక పరీక్ష చెడినా మునిగిపోం అన్న ధీమా ఉంటుంది కానీ, ప్రతివారం ఏదో ఒకటి ఇవ్వాల్సిందే. గ్రూప్ ప్రాజెక్టులో పని చేయనివాడి భారం కూడా మోయాలి. మీ అమ్మాయికి అది సరిపడేలాగే ఉంది కాబట్టి డిజైన్, జర్నలిజం, పరిశోధన వైపు వెళ్లే కోర్సులు ధైర్యంగా చూడొచ్చు. డాక్టరు, లాయరు, ఛార్టర్డ్ అకౌంటెంట్ కావాలని ఉంటే మాత్రం ఏదో ఒక దశలో పెద్ద పరీక్ష రాయక తప్పదు. సాఫ్ట్‌వేర్‌లో చేసిన ప్రాజెక్టులు చూస్తారన్నది నిజమే కానీ, అక్కడా చాలా కంపెనీలు టైము పెట్టి కోడింగ్ టెస్ట్ రాయిస్తాయి.

కాలేజీకి వెళ్లినప్పుడు ఇంటర్నల్స్‌కి ఎంత వెయిటేజీ అని మాత్రమే అడిగి వచ్చేయకండి. ఫైనల్ పరీక్షలో విడిగా పాస్ మార్కు తెచ్చుకోవాలా అని అడగండి, చాలాచోట్ల మెలిక అక్కడే ఉంటుంది. ఇంటర్నల్ మార్కులను బయటివాళ్లు ఎవరైనా సరిచూస్తారా, మార్కులతో పాటు ఎక్కడ తప్పిందో రాసిస్తారా అనీ కనుక్కోండి. ఈ చివరిదానికి ఆఫీసులో కాదు, అక్కడ రెండో ఏడాది చదివే పిల్లల్ని అడిగితే సరైన జవాబు దొరుకుతుంది.