ఫ్లష్ ట్యాంకు మూత తీసి చూడండి, అందులో ఉన్నవి కుళాయి నీళ్లే

ప్రశ్న: కమోడ్ ఫ్లష్ బటన్ నొక్కితే లోపలే ఇరుక్కుపోతోంది. నీళ్లు ఆగకుండా కారుతున్నాయి. ప్లంబర్ ట్యాంకు మొత్తం మార్చాలంటున్నాడు. ఇంట్లో మనమే బాగుచేసుకోగలమా?

నిక్షేపంగా చేసుకోవచ్చు. ముందు ఆ ప్లంబర్ మూత తీసి చూశాడో లేదో చెప్పండి. రెండుసార్లు బటన్ నొక్కి, కాసేపు చెవి ఒగ్గి విని, "సెట్ పోయిందమ్మా" అని తేల్చేసేవాళ్లను మా అపార్ట్‌మెంట్‌లో చాలామందిని చూశాను. పింగాణీ ట్యాంకు పగిలితే తప్ప పాడవదు. పాడయ్యేవి దాని లోపలి రెండు ప్లాస్టిక్ భాగాలు. ఒకటి నీళ్లు నింపుతుంది, రెండోది నీళ్లు వదులుతుంది. వాటిలోనూ నూటికి తొంభై ఇళ్లలో తప్పంతా ఒక రబ్బరు వాషరుది, దాని చుట్టూ పేరుకున్న ఉప్పుది. ఈ మాట మీద ఎవరితోనైనా వాదిస్తాను.

మా ఇంట్లో ఇదే రోగం సరిగ్గా భోగి నాడు బయటపడింది. ఆడపడుచు కుటుంబమంతా దిగింది. పిల్లలకు ఆ రెండు బటన్లూ ఆటవస్తువులు. ఉదయం తొమ్మిదయ్యేసరికి పెద్ద బటన్ లోపలికి దిగి, ఇక పైకి రానంది. సంక్రాంతికి హైదరాబాద్‌లో ప్లంబర్ దొరకడం ఎలాంటిదో ఇక్కడ ఉన్నవాళ్లకు చెప్పక్కర్లేదు. ఫోను చేస్తే "ఊళ్లో ఉన్నానమ్మా, కనుమ అయ్యాక వస్తా" అన్నాడు. అప్పటిదాకా ఇంటెడుమందికి బకెట్లతో నడిపేదెలా? స్క్రూడ్రైవరు తీసుకుని లోపలికి నడిచాను.

వెనకనుంచి అత్తయ్య కేక. "పండగ పూట, తలంటుకున్నదానివి, ఆ తొట్టిలో చేతులు పెడతావా? మళ్లీ వంటింట్లోకి ఎలా వస్తావు?"

"అత్తయ్యా, పొద్దున మీరు తలస్నానం చేసిన నీళ్లే ఇవి. ఒకే పైపు" అన్నాను. ఆవిడ నమ్మలేదు. గోడ మీది యాంగిల్ కాక్ (ట్యాంకుకు వచ్చే నీళ్లను కట్టేసే చిన్న కుళాయి) వైపు వేలు చూపి, అదే పైపు గీజరుకూ వెళ్లడం చూపించాను. అయినా గుమ్మం దాటి రాలేదు గానీ, టార్చి మాత్రం అక్కడినుంచే పట్టుకున్నారు.

అసలు నేను చెప్పదలచుకున్నది ఇదే. మనవాళ్లు ఫ్లష్ ట్యాంకు మూత తీయకపోవడానికి కారణం తెలివి చాలకపోవడం కాదు, అసహ్యం. మిక్సీ విప్పుతారు, కుక్కరు వాల్వు మారుస్తారు, ఫ్యానుకు కెపాసిటరు వేస్తారు. ఇది మాత్రం "మనం చేసే పని కాదు." ఎవరు చేసే పని మరి? ఆ మాట వెనక ఏ ఆలోచన ఉందో మనందరికీ తెలుసు. కమోడ్‌లోని నీళ్లు పైకెక్కి ట్యాంకులోకి రావు. కింద మురికికాలువ వాసన కూడా పైకి రాకుండా కమోడ్ అడుగున వంపు తిరిగిన పైపులో నీళ్లు అడ్డంగా నిలుస్తాయి. ఆ వంపు పైపుకు 1775లోనే లండన్‌లో అలెగ్జాండర్ కమింగ్ పేటెంటు తీసుకున్నాడు. ఆయన వృత్తి గడియారాలు చేయడం! గడియారాలు చేసే చేతులకు లేని మైల మనకెందుకో.

సరే, పనిలోకి వద్దాం. యాంగిల్ కాక్ కట్టేయండి. బటన్ నొక్కి ట్యాంకు ఖాళీ చేయండి. బటన్ చుట్టూ ఉన్న రింగును ఎడమకు తిప్పితే ఊడుతుంది, మూత పైకి వస్తుంది. మూత నేల మీద పాత తువ్వాలు పరిచి పెట్టండి, పింగాణీ జారితే అంతే సంగతులు. మధ్యలో నిలబడి ఉన్న గొట్టంలాంటి భాగమే నీళ్లు వదిలేది. చాలా రకాల్లో దాన్ని పట్టుకుని ఎడమకు పావు చుట్టు తిప్పితే చేతిలోకి వచ్చేస్తుంది. మాది కాస్త మొరాయించింది. కారణం పైకి తీశాక కనిపించింది. ఇడ్లీ పాత్ర అడుగున కట్టే తెల్లటి పొర లాంటిదే గొట్టం పొడవునా గరగరలాడుతూ ఉంది. బటన్ కింది కడ్డీ జారాల్సిన గాడి పూర్తిగా పూడిపోయింది. అడుగున ఉండే వాషరు గోధుమరంగు జిగురు పట్టి, ఒక పక్క నొక్కుకుపోయి ఉంది. గోటితో గీకితే ఉప్పు ఇసుకలా రాలింది.

నిమ్మ ఉప్పు తెలుసుగా, పులిహోరలో నిమ్మకాయ లేనప్పుడు వేస్తారే, అదే. గోరువెచ్చటి నీళ్లలో గుప్పెడు కలిపి, గొట్టాన్ని అందులో ముంచాను. బుడగలు లేచాయి. అరిసెలు ఒక వాయి దిగేలోగా పొర మెత్తబడింది, పాత టూత్‌బ్రష్‌తో తోమితే గాడి తేటపడింది. వాషరును కడిగి తిరగేసి పెట్టాను. రెండు వైపులా చదునుగా ఉండే వాషరు అయితే తిరగేస్తే కొంతకాలం నడుస్తుంది. పండగ అయ్యాక శానిటరీ దుకాణానికి పాతదాన్ని తీసుకెళ్లి, పక్కన పెట్టి కొలిచి కొత్తది తెచ్చుకున్నాను. "సుమారుగా ఈ సైజు" అని చెప్పి కొంటే మళ్లీ కారుతుంది. దుకాణంవాడు ముందు మొత్తం సెట్టే చేతిలో పెడతాడు, తీసుకోకండి.

బ్లీచింగ్ పౌడరు, కమోడ్ కడిగే యాసిడ్ ఎప్పుడూ కలపకండి. క్లోరిన్ వాయువు వస్తుంది, ఊపిరి ఆడదు. ట్యాంకులో వేసే క్లోరిన్ బిళ్లలు కూడా వద్దు, రబ్బరును అవే తినేస్తాయి.

మీది బటన్ సమస్యో వాషరు సమస్యో తేలకపోతే, ట్యాంకు నీళ్లలో కాస్త మిఠాయి రంగు కలిపి, ఫ్లష్ చేయకుండా పావుగంట ఆగండి. ట్యాంకు నీళ్లు మధ్య గొట్టంలోని నిలువు పైపు పైఅంచు దాటకుండానే కమోడ్‌లోకి రంగు దిగితే అడుగు వాషరు కారుతున్నట్టు. అలా కాకుండా నీళ్లు ఆ అంచు దాటి పైపులోకే పోతుంటే తప్పు నింపే భాగానిది. దాని ఫ్లోటు (నీళ్లతో పాటు పైకి తేలే భాగం) స్క్రూ తిప్పి, నీటిమట్టం ఆ అంచుకు అంగుళం కిందకు దించండి. అప్పటికీ ఆగకపోతే నింపే భాగం లోపలి వాషరు విప్పి కడగాలి. మిద్దె మీది ట్యాంకు కడిగించిన మర్నాడు ఇది తరచుగా వస్తుంది, ఇసుక ఇరుక్కుంటుంది.

ఇంత ఉప్పు ఎక్కడిదంటారా, బోరుది. కృష్ణా నీళ్లు వంద కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేసి నగరానికి వస్తాయి. మా అపార్ట్‌మెంట్‌లో అవి వంటింటి కుళాయి దగ్గరే ఆగిపోతాయి, స్నానాల గదులకు బోరు నీళ్లే గతి. పోనీ ఆ బోరు నీళ్లయినా దండిగా ఉన్నాయా? సన్నటి ధారగా నిమిషానికి అర లీటరు కారినా రోజుకు 720 లీటర్లు. వేసవిలో ట్యాంకరు డబ్బులు అందరం సమానంగా కడతాం, కారే ఫ్లష్ మాత్రం ఎవరిదో ఒకరిది. అసోసియేషన్ సమావేశంలో నేను ఈ మాట ఎత్తగానే అందరికీ ఫోన్లు వస్తాయి.

మీది గోడలో దాచిన ట్యాంకు అయితే బటన్ల పలకను ఊడదీస్తే లోపలికి చెయ్యి పట్టేంత సందు ఉంటుంది, పని అందులోంచే చేయాలి. గోడ పగలగొట్టాలని ఎవరైనా అంటే వెంటనే పంపించేయండి. అందం కోసం పెట్టే ఈ ట్యాంకులకు విడిభాగం వెతకడానికి నగరమంతా తిరగాలి. ఇల్లు కొనేటప్పుడు బిల్డరు ఆ పలక చూపించి మురిసిపోతుంటే, దాని కంపెనీ, మోడలు రాయించుకోండి. ప్లంబర్‌ను పిలవక తప్పదనుకుంటే, తీసేసిన పాత భాగాన్ని మీ చేతికి ఇస్తేనే డబ్బులని ముందే చెప్పండి.