డొమైన్ ఎవరి పేరు మీద ఉంది?

ప్రశ్న: పిల్లల లెక్కల వర్క్‌షీట్లు పీడీఎఫ్‌లుగా అమ్మే సైట్ పెట్టి 8 నెలలైంది. సైట్లు తయారుచేసే వర్డ్‌ప్రెస్ సాఫ్ట్‌వేర్ మీద నడుస్తోంది. చూసేవాళ్లు వస్తున్నారు గానీ కొనేవాళ్లు లేరు. థీమ్ మార్చమంటారా? గూగుల్ వెతుకులాటలో పైకి కనిపించేలా చేసే మంచి ఎస్ఈఓ ప్లగిన్ ఏదైనా ఉంటే చెప్పండి. సైట్ చేసిచ్చిన అబ్బాయి ఫోన్ నెంబర్ మార్చేశాడు, డొమైన్, హోస్టింగ్ అన్నీ తనే చూసుకునేవాడు. సైట్ లింక్ కింద ఇస్తున్నాను.

జవాబు: థీమ్ సంగతి తర్వాత చూద్దాం. డొమైన్ (సైట్ చిరునామా), హోస్టింగ్ (సైట్ ఫైళ్లు ఉండే చోటు) ఆ అబ్బాయే చూసుకునేవాడని ఉత్తరం చివర మీరు మాటవరసకు రాసిన వాక్యం చదివి నాకు కంగారు పుట్టింది.

ఇది మీ ఒక్కరి సమస్య కాదు. పాఠాలు అమ్మేవాళ్లు, ఫొటోలు అమ్మేవాళ్లు, కుట్టిన బట్టలు అమ్మేవాళ్లు అందరూ ఇదే రాస్తున్నారు. లోగో రంగు తేల్చుకోవడానికి వారాలు కూర్చుంటారు. డొమైన్ ఏ ఈమెయిల్‌తో రిజిస్టర్ అయిందని మాత్రం ఒక్కసారీ అడగరు. తప్పు సైట్లు చేసిచ్చేవాళ్లలోనూ ఉంది. పని పూర్తయిన రోజే ఖాతాలన్నీ యజమాని చేతికి అప్పజెప్పాలి. తన లాగిన్‌లోనే ఉంచేసుకోవడం బద్ధకమైనా సరే, దురుద్దేశమైనా సరే, నష్టపోయేది యజమానే.

డొమైన్ కొన్నాం అంటాం గానీ అది అద్దె లాంటిదే. .కామ్ అయితే ఒక్కసారికి గరిష్ఠంగా 10 ఏళ్లకే కట్టగలం. గడువుకు దాదాపు నెల ముందు ఒకసారి, వారం ముందు మరోసారి గుర్తుచేయాలని రిజిస్ట్రార్లకు, అంటే డొమైన్లు అమ్మే కంపెనీలకు, డొమైన్ పేర్ల వ్యవస్థను చూసే ఐకాన్ సంస్థ నిబంధన పెట్టింది. ఆ మెయిళ్లు వస్తాయి కూడా. కాకపోతే రిజిస్ట్రేషన్‌లో ఎవరి మెయిల్ ఉంటే వాళ్లకు వస్తాయి. మీ విషయంలో ఆ అబ్బాయికి. నెంబర్ మార్చేసినవాడు ఆ మెయిల్ తెరుస్తున్నాడో లేదో మీకెలా తెలుస్తుంది?

గడువు దాటాక రిజిస్ట్రార్‌ను బట్టి 45 రోజుల వరకూ వెసులుబాటు ఉండొచ్చు, అసలు లేకపోనూవచ్చు. పేరు డిలీట్ అయ్యాక 30 రోజులు రిడెంప్షన్ (వెనక్కి తెచ్చుకునే గడువు) కింద ఉంటుంది. అప్పుడు వెనక్కి తెచ్చుకోవాలంటే రుసుము బాగా ఎక్కువ. ఆ తర్వాత 5 రోజులు ఎవరూ ఏమీ చేయలేరు. ఆపైన ఎవరు ముందు పట్టుకుంటే వాళ్లది. పెద్ద కంపెనీలకే ఇది తప్పలేదు. 1999 క్రిస్మస్ సమయంలో మైక్రోసాఫ్ట్ తన లాగిన్లు నడిచే పాస్‌పోర్ట్.కామ్ రెన్యూవల్ కట్టడం మర్చిపోతే, దాని మెయిల్ సేవ హాట్‌మెయిల్ లాగిన్లు నిలిచిపోయాయి. కంపెనీతో సంబంధం లేని ఒక ప్రోగ్రామర్ తన కార్డుతో 35 డాలర్లు కట్టాక గానీ అవి మళ్లీ తెరుచుకోలేదు.

చిరునామా పోతే కొత్తది కొనుక్కుంటాం అని చాలామంది ధీమాగా ఉంటారు. నాకు నిద్ర పట్టనివ్వనిది చిరునామా కాదు, దాని మీద నడిచే ఈమెయిల్. మీ డొమైన్ కొన్నవాడు మెయిల్ సర్వర్ ఒకటి పెట్టుకుంటే చాలు, ఆ పేరు మీద వచ్చే ప్రతి ఉత్తరమూ అతని చేతిలో పడుతుంది. ఇక మీకు డబ్బు వసూలు చేసిపెట్టే పేమెంట్ గేట్‌వే పేజీకి వెళ్లి, మీ మెయిల్ ఐడీ కొట్టి, ‘పాస్‌వర్డ్ మర్చిపోయాను’ నొక్కుతాడు. రీసెట్ లింక్ నేరుగా అతనికే వస్తుంది. హోస్టింగ్‌కీ, సోషల్ మీడియా పేజీలకీ అంతే. పాస్‌వర్డ్ ఎంత గట్టిదైనా ఇక్కడ పనికిరాదు, ఎందుకంటే దాన్ని ఎవరూ ఛేదించనే లేదు. మీ దగ్గర కొన్న తల్లిదండ్రులు ‘ఫైల్ డౌన్‌లోడ్ కావట్లేదు’ అని రాస్తే, జవాబు మీ పేరుతో అతనిస్తాడు.

అందుకని ముందు ఐకాన్ లుకప్ అనే వెబ్‌పేజీలో మీ డొమైన్ పేరు కొట్టండి. యజమాని వివరాలు దాచి ఉన్నా రిజిస్ట్రార్ ఎవరో, గడువు ఎప్పుడో కనిపిస్తాయి. అబ్బాయిని ఎలాగైనా పట్టుకుని డొమైన్‌ను మీ ఖాతాలోకి మార్పించుకోండి. దొరక్కపోతే మీరు డబ్బు కట్టిన రసీదులు, పాత మెయిళ్లు జతచేసి రిజిస్ట్రార్‌కు రాయండి. వాళ్లు ఖాతాదారుడినే యజమానిగా చూస్తారు కాబట్టి ఇది తేలిగ్గా తెమలదు, అయినా గడువు లోపలే మొదలుపెట్టాలి. కొత్త ఖాతాకు మీ డొమైన్ మీద ఉన్న మెయిల్ ఇవ్వకండి. డొమైన్ ఆగిన రోజున ఆ మెయిలూ ఆగిపోతుంది, మీ ఇంటికి మీరే బయట ఉండిపోతారు. వేరే చోట ఉన్న మెయిల్ ఇచ్చి, టూ స్టెప్ వెరిఫికేషన్ పెట్టి, బ్యాకప్ కోడ్‌లు కాగితం మీద రాసుకోండి.

వర్డ్‌ప్రెస్ అడ్మిన్‌లోకి మీరు వెళ్లగలుగుతుంటే ఈ రోజే బ్యాకప్ తీసుకోండి. ఫైళ్లతో పాటు డేటాబేస్ కూడా ఉండాలి, అది లేకపోతే ఆర్డర్లూ పేజీలూ రావు. డబ్బు కట్టకుండా ఎక్కడో దొరికిన ‘ప్రో’ ప్లగిన్లు కనిపిస్తే తీసేయండి, వాటిలో దొంగదారులు పెట్టి పంచడం మామూలే.

ఇక మీ సైట్. ఫోన్‌లో తెరిచాను. కాసేపు తెల్ల తెర. పేజీలో ఒక్క ముక్క చదవకముందే నోటిఫికేషన్లు పంపమంటారా అని అడిగింది. దాన్ని కాదంటే డిస్కౌంట్ చక్రం తెర నిండా వచ్చింది. దాన్ని మూసే గుర్తు చాట్ బొమ్మ కింద ఇరుక్కుపోయింది, మూడుసార్లు నొక్కితే మూడుసార్లూ చాటే తెరుచుకుంది. వచ్చిన మనిషిని గుమ్మంలోనే నిలబెట్టి నాలుగు ప్రశ్నలు అడిగే ఈ తరహా డిజైన్ అంటే నాకు చెప్పలేనంత కోపం. రెడీమేడ్ థీమ్‌లు ఇవన్నీ ఆన్ చేసే ఇస్తున్నాయి, యజమాని తన సైట్‌ను ఫోన్‌లో ఒక్కసారైనా కొనుగోలు దాకా వాడి చూడడం లేదు. ప్రధాన భాగం 2.5 సెకన్లలోపు కనిపించాలని గూగుల్ కొలత. మీ చక్రమూ చాటూ తీసేస్తే చాలావరకు అక్కడికి దగ్గరపడతారు.

ఒక వర్క్‌షీట్ కొనబోయాను. ఖాతా తెరవమంది. తెరిస్తే ధ్రువీకరణ మెయిల్ స్పామ్‌లో పడింది. మెయిల్ నిజంగా మీ దగ్గరి నుంచే వచ్చిందని చూపించే ఎస్‌పీఎఫ్, డీకిమ్ రికార్డులు మీ డొమైన్‌కు లేవు. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్ ఈ విషయంలో గట్టిగా ఉంటోంది. ఈ రికార్డులు పెట్టాలన్నా డొమైన్ సెట్టింగులు మీ చేతిలో ఉండాలి. స్పామ్ ఫోల్డర్ వెతికే ఓపిక కొనేవాళ్లకు ఉండదు.

అన్నిటికంటే నన్ను ఆపింది మరొకటి. ఏ వర్క్‌షీట్‌కూ లోపలి పేజీ ఒక్కటీ చూపించలేదు. లెక్కలు రెండో తరగతి పిల్లకు సరిపోతాయో లేదో అట్ట బొమ్మ చూసి ఏ అమ్మా చెప్పలేదు. ప్రతి పీడీఎఫ్‌లో మొదటి పేజీ ఉచితంగా చూడనివ్వండి. ఖాతా అడగకుండా అమ్మండి. ఎస్ఈఓ ప్లగిన్ ఇప్పుడే వద్దు. థీమ్ ఇదే ఉండనివ్వండి.